క్యారవాన్‌కి టైర్లు వేయించేవాళ్ళు ఆ షాపు జోలికి పోకండి

పేరు రాస్తే మళ్ళీ లేనిపోని గొడవ. మనవాళ్ళలో సగంమంది వెళ్ళే ఆ ఇండస్ట్రియల్ ఎస్టేట్ టైర్ల షాపే, అర్థమైపోయుంటుంది. నిన్న రాత్రే వేల్స్ తీరంలోని టెన్బీ నుంచి తిరిగొచ్చాం.

వెళ్ళేముందు క్యారవాన్‌కి, అంటే కారు వెనకాల తగిలించి లాగే ఇల్లులాంటి బండికి, రెండు కొత్త టైర్లు వేయించాను. బ్యాలెన్సింగ్‌కి (చక్రాన్ని మెషీన్ మీద తిప్పి, బరువు అన్నివైపులా సమంగా ఉండేలా రిమ్ముకి చిన్న వెయిట్లు అతికించడం) చక్రానికి 10 పౌండ్లు, షాపతను బిల్లులో విడిగా రాశాడు. నేను ఇంజనీర్ని కదా! టైరు ఎప్పుడు తయారైందో చెప్పే డేట్ కోడ్ చూశా, ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ చూశా, దర్జాగా టీ తాగుతూ కూర్చున్నా. చక్రం మెషీనెక్కిందా లేదా అన్నది మాత్రం చూడలేదు.

ఎం4 మోటర్‌వే మీద గంటకి 60 మైళ్ళ వేగం దాటలేదు. స్టీరింగ్‌లో వణుకే లేదు. ఎక్కడో వెనకాల ఎగిరే చక్రం సంగతి స్టీరింగ్‌కేం తెలుస్తుంది? టెన్బీలో తలుపు తీస్తే కప్‌బోర్డు బందుల స్క్రూలు నేలమీద, పగిలిన గోంగూర సీసా కార్పెట్ మీద, మా ఆవిడ చూపు నా మీద.

రిమ్ములు తడిమి చూశా. లోపలా బయటా ఒక్క వెయిటూ లేదు. ఒక చక్రానికి అక్కర్లేకపోయిందంటే నమ్ముతా, రెండిటికీనా? అక్కడే ఇంకో షాపులో మెషీనెక్కిస్తే ఒకదానికి 65 గ్రాములు, రెండోదానికి 40 పట్టాయి.

ఇవాళ పొద్దున్నే బిల్లు పట్టుకుని ఆ మొదటి షాపుకి వెళ్ళా. షాపతను దాని వంక కూడా చూడలేదు. "వెళ్ళేటప్పుడు క్యారవాన్‌లో ఎవరూ కూర్చోరుగా, వణికిందని నీకెవరు చెప్పారు?" అని నవ్వాడు. పక్కన జాకీ దించుతున్న కుర్రాడూ నవ్వాడు. లాగేటప్పుడు లోపల మనుషులుండకూడదన్న రూలు ఇతనికి ఇలా కలిసొచ్చిందన్నమాట. మనుషులు లేరు నాయనా, రివెట్లున్నాయి, షాక్ అబ్సార్బర్లున్నాయి, గ్యాస్ పైపుంది! ఇదంతా నాకు కార్లో కూర్చున్నాక తట్టింది. అక్కడ నా నోట్లోంచి వచ్చింది "ఓకే, థాంక్యూ". 20 పౌండ్లు పోగొట్టుకుని పైగా థాంక్యూ.

క్యారవాన్‌కి బ్యాలెన్సింగ్ దండగ అని మొన్నటిదాకా నేనూ వాదించినవాణ్ణే. కొన్ని క్యారవాన్ చక్రాలు మామూలు మెషీన్ మీద సరిగ్గా కూర్చోవు, అదీ నిజమే. అలాంటప్పుడు కాదని చెప్పాలి, డబ్బు తీసుకోవడమేంటి?

చేయిస్తే పక్కనే నిలబడండి, మెషీన్ స్క్రీన్ మీద సున్నాలు (ఇంకే వెయిటూ అక్కర్లేదని) వచ్చాక ఫోటో తీసుకోండి. అన్నట్టు, చక్రం విప్పి బిగించాక 30 మైళ్ళకి నట్లు సరిగ్గా బిగిసున్నాయో లేదో టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో) మళ్ళీ చూసుకోవాలి. అదీ చెప్పలేదు మహానుభావుడు.

కార్పెట్ మీద గోంగూర నూనె మరక దేనితో పోతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.