ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు: రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఎంతవరకు పనికొస్తుంది?

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని మంచిచెడ్డలు ఎంచకుండా గమనించడం) పేరుతో చెప్పే కోర్సులు చాలావరకు ఒకే వేరునుంచి వచ్చాయి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ ఆధారంగా ఒత్తిడి తగ్గించే కోర్సు) అది. వారానికో తరగతి, రెండున్నర గంటలు, ఎనిమిది వారాలు. ఆరో వారం దాటాక ఒక రోజంతా మౌన సాధన. ఇంట్లో రోజూ 45 నిమిషాలు. కీమో నడుస్తున్న మనిషికి ఈ 45 నిమిషాలే మోయలేని బరువు. కెనడాలోని కాల్గరీలో లిండా కార్ల్‌సన్, మైకేల్ స్పెకా క్యాన్సర్ రోగుల కోసం మలిచిన కోర్సులో తరగతి గంటన్నరే. రెండూ దొరికితే దాన్నే ఎంచుకోమంటాం.

ఎంత మేలు ఆశించవచ్చు? వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష ప్రకారం కోర్సు ముగిసేసరికి ఆందోళన, దిగులు, నీరసం కొద్దిగా తగ్గుతాయి, నిద్ర కొద్దిగా మెరుగవుతుంది. రెండేళ్లు గడిచేసరికి ఆందోళన, దిగులు విషయంలో ఆ తేడా దాదాపు కనిపించదు. అయినా ఆందోళన, దిగులు ఉన్న క్యాన్సర్ రోగులకు దీన్ని సూచించవచ్చని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2023లో మార్గదర్శకాల్లో చెప్పింది. కణితి మీద మాత్రం దీని ప్రభావం ఏమీ ఉండదు. చికిత్సకు బదులుగా దీన్ని అమ్మేవారి గడప తొక్కవద్దు.

కోర్సు బాగుందా లేదా అన్నది బాడీ స్కాన్ అనే ధ్యాన అభ్యాసంలో తేలిపోతుంది. కాలివేళ్లనుంచి తలదాకా ఒక్కో భాగంమీద ధ్యాస నిలుపుతూ రావాలి. ఛాతీ దగ్గరకు వచ్చేసరికి అక్కడ మచ్చ ఉంటుంది, స్పర్శ తెలియని చర్మం ఉంటుంది, రొమ్మే లేకపోవచ్చు. రికార్డింగ్‌లోని గొంతు మామూలుగా ముందుకు సాగిపోతే చాలామందికి అక్కడే ఏడుపు ముంచుకొస్తుంది, ఊపిరి బిగుస్తుంది. మంచి శిక్షకులు ఈ సంగతి ముందే చెబుతారు. 'అక్కడ ఆగాల్సిన పనిలేదు, అరికాళ్ల దగ్గరకో, చేతులు తాకే నేల దగ్గరకో వెళ్లవచ్చు, కళ్లు తెరవవచ్చు' అని దారి చూపిస్తారు. శ్వాసమీద ధ్యాస పెడితే గుండెదడ పెరిగేవారికి చుట్టూ వినిపించే చప్పుళ్లు వింటూ కూర్చోవడం నయం. 'ఓర్చుకోండి, అదే పోతుంది' అనే శిక్షకుడి దగ్గర ఉండకండి.

ఎండుద్రాక్షను నెమ్మదిగా నమిలే తొలి అభ్యాసం నోటిపూత, వికారం ఉన్నవారికి వద్దు. ఏదైనా వస్తువును చేత్తో తడిమి చూసినా సరిపోతుంది.

కోర్సులో ఉండే యోగా భాగంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆపరేషన్ తర్వాత చేయి ఎంత ఎత్తవచ్చో, అరచేతులమీద బరువు ఎప్పటినుంచి మోపవచ్చో సర్జన్‌నో ఫిజియోథెరపిస్టునో అడగాలి. చంకలో లింఫ్ గ్రంథులు తీసినవారికి చేయి బరువెక్కినట్టున్నా, ఉంగరం బిగుసుకున్నా ఆ రోజుకు ఆపాలి, వాపు సంగతి డాక్టరుకు చెప్పాలి. ఎముకలకు జబ్బు పాకినవారు నడుము మెలితిప్పే, ముందుకు బాగా వంచే ఆసనాల జోలికి పోకూడదు. కీమో మందులవల్ల పాదాలు మొద్దుబారితే నడక ధ్యానంలో తూలి పడవచ్చు, గోడ పక్కనే నడవాలి. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే అరోమటేజ్ ఇన్హిబిటర్ మాత్రలు వాడేవారిలో చాలామందికి కీళ్లు పట్టేస్తాయి కాబట్టి నేలమీద బాసింపట్టు వేయనక్కర్లేదు, కుర్చీ చాలు. కీమో తర్వాత తెల్లకణాలు తగ్గిన రోజుల్లో గుంపులో కూర్చోవడం మంచిది కాదు. ఆన్‌లైన్ తరగతి ఉందేమో కనుక్కోండి.

ఇంటి సాధన మొదట పది నిమిషాలు చాలు, రోజూ ఒకే వేళకు. స్కాన్ ఫలితం కోసం ఎదురుచూసే గదిలో కూడా చేయగలిగినదొకటుంది, మూడు నిమిషాల విరామం. మొదటి నిమిషం మనసులో ఏం నడుస్తోందో గమనించడం, రెండోది శ్వాస, మూడోది ఒళ్లంతా. మొత్తం కోర్సులో ఎక్కువమందికి చివరిదాకా మిగిలేది ఇదేనని మా అభిప్రాయం. ఇది చేసినంత మాత్రాన భయం పోదు. ఆ భయం వెంట మనసు ఎంత దూరం పరుగెత్తుతుందో తెలుస్తుంది.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు, రోజుల తరబడి మంచం దిగలేనివారు ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి. వాడుతున్న మాత్రలను కోర్సు పేరుతో ఆపకూడదు.

చేరేముందు శిక్షకుణ్ని మూడు విషయాలు అడగండి: క్యాన్సర్ రోగులకు ఇంతకుముందు నేర్పారా, మొదటి తరగతికి ముందే విడిగా మాట్లాడి ఆరోగ్య వివరాలు తీసుకుంటారా, తరగతి మధ్యలో ఎవరైనా కుప్పకూలితే ఏం చేస్తారు. మూడోదానికి తడుముకుంటే ఇంకొకరిని వెతకండి.