అట్ల పెనం పక్కన నాలుగేళ్లు: మా సౌండ్ బాక్స్ సంగతి

మాది శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో చిన్న టిఫిన్ కొట్టు. పొద్దున్న ఐదున్నరకి పొయ్యి వెలిగిస్తే పదిన్నర దాకా అమ్మ చేతులు పిండిలో, నావి నూనెలో, నాన్నవి ప్లేట్లు కడిగే నీళ్లలో. ఆరు చేతులున్నా ఫోన్ పట్టుకోవడానికి పొడి చెయ్యి ఒక్కటి దొరకదు. 2021 శ్రావణంలో కొట్టుకి సౌండ్ బాక్స్, అంటే ఫోన్‌లో పంపిన డబ్బు పడగానే ఎంతో గట్టిగా చెప్పే పెట్టె, పెట్టించింది అందుకే. నాలుగేళ్లు దాటింది. ఏ కంపెనీదో చెప్పను. అందరివీ ఇంచుమించు ఒకటే, పైగా నేను తిట్టబోయేవి కూడా కొన్ని ఉన్నాయి.

అంతకుముందు గోడకి క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఒక్కటే ఉండేది. దాన్ని మా దగ్గర అందరూ స్కానర్ అనే అంటారు. తిన్నవాళ్లు స్కాన్ చేసి, ఫోన్ మా వైపు తిప్పి, పచ్చ టిక్కు చూపించి వెళ్లిపోయేవారు. ఆవిరి మధ్యలోంచి, పెనం మీద అట్టు మాడకుండా చూసుకుంటూ, ఆ టిక్కు ఈ రోజుదో నిన్నటిదో ఎవరు చదువుతారు? ఒక కుర్రాడు వారం పాటు ఒకే స్క్రీన్‌షాట్ చూపించి ఉల్లి అట్లు తిన్నాడు. పొద్దున్న ఏడింటికి తింటున్నవాడి టిక్కు కింద రాత్రి తొమ్మిదిన్నర అని ఉండటం ఎనిమిదో రోజు కంటపడింది. అడిగేలోపే బండి ఎక్కేశాడు.

నా ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చేది కదా అంటారు. వచ్చేది, ఇంగ్లీషులో, లోన్ కావాలా అని వచ్చే పది మెసేజ్‌ల మధ్యలో. తీసి చూద్దామంటే తడి వేలికి స్క్రీన్ పలకదు. ఇప్పటి ఫోన్ల స్క్రీన్ మన వేలి ఒత్తిడిని కాదు, వేలు తగిలినచోట విద్యుత్తులో వచ్చే చిన్న మార్పుని పసిగడుతుంది. నీళ్లు కూడా అలాంటి మార్పే తెస్తాయి కాబట్టి దానికి వేలేదో నీటిచుక్కేదో తెలియదు. ఈ పద్ధతిని 1965లో ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్‌లో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజినీరు వివరించాడు, విమానాల రాకపోకలు చూసుకునే ఉద్యోగుల కోసం. వాళ్ల చేతులకి అట్ల పిండి ఉండదు, ఆయన తప్పేం లేదు.

స్టిక్కర్ గురించి మాత్రం చెడు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కొబ్బరి చట్నీ చిందింది, నూనె మరకలు పడ్డాయి, ఒక మూల చిరిగింది, అయినా రెండేళ్లు స్కాన్ అయ్యింది. ఆ గళ్ల బొమ్మలో అదే సమాచారం కొంత అదనంగా దాచి ఉంటుంది, అందుకని గట్టి రకంలో ముప్పై శాతం దాకా చెడిపోయినా మిగిలిన దాన్నుంచి లెక్క కట్టి చదివేస్తుంది. జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీలో మసాహిరో హారా బృందం 1994లో కార్ల విడిభాగాల లెక్క కోసం చేసింది ఇది. నల్లరాళ్లు, తెల్లరాళ్లతో ఆడే గో ఆటబల్ల చూసి ఆయనకి ఆ ఆలోచన తట్టిందట. మూడు మూలల్లో ఉండే చదరాల వల్ల ఫోన్ ఏ వంకర నుంచి పట్టుకున్నా సరిపోతుంది. పేటెంట్ ఉన్నా అందరినీ వాడుకోనిచ్చారు. నూనె డబ్బాల ఫ్యాక్టరీ కోసం చేశారేమో అనిపించేంతగా మా కొట్టుకి నప్పింది. కానీ స్టిక్కర్ డబ్బు తీసుకుంటుందే గానీ వచ్చిందో లేదో చెప్పదు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైనప్పటి నుంచి మా లాంటి కొట్లకి మిగిలిన తలనొప్పి అదొక్కటే. ఆ పని చెయ్యడానికే ఈ పెట్టె.

పెట్టె అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల ఒక సిమ్ కార్డు, బ్యాటరీ, స్పీకరు. డబ్బు పడగానే కంపెనీ సర్వరు నుంచి ఆ సిమ్‌కి అంకె వస్తుంది, పెట్టె దాన్ని చదువుతుంది. నా ఫోన్‌తో దానికి సంబంధం లేదు. ఇది చాలామందికి తెలియదు. నేను ఫోన్ పట్టుకుని బజారుకి వెళ్లిపోయినా కొట్టు దగ్గర పెట్టె మాట్లాడుతూనే ఉంటుంది. మా ఇంట్లో అసలు మార్పు వచ్చింది ఇక్కడే. అమ్మ బడి మొహం చూడలేదు. నోట్లని రంగుని బట్టి గుర్తుపడుతుంది, లెక్క మాత్రం నోటితో నాకంటే ముందు కట్టేస్తుంది. ఫోన్ల చెల్లింపులు మొదలయ్యాక తను ఒక్కతే కొట్లో కూర్చోవడం మానేసింది. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో తెలియదని భయం. పెట్టె వచ్చిన నెల్లాళ్లకే, నేను మినప్పప్పు కోసం వెళ్లినప్పుడు, తనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఎవరైనా "ఫోన్‌పే చేసేశాను పిన్నీ" అంటే "అది చెప్పనీ బాబూ" అని పెట్టె వైపు చెయ్యి చూపిస్తుంది.

తెలుగు విషయంలో మొదటి ఏడాది నవ్వులాటే. "మీకు నలభై రూపాయలు ప్రాప్తించాయి" అనేది. హిందీ మాటకి తెలుగు తొడుగు వేసి వదిలారన్నమాట. అమ్మ మొదటి రోజే పట్టుకుంది: "ప్రాప్తించాయి అంటందేటి? ప్రాప్తముంటేనే పడతాయా ఏటి మన డబ్బులు?" అప్పటి నుంచి మా ఇంట్లో డబ్బులు ఆలస్యమైతే ప్రాప్తం లేదంటాం. తర్వాత ఏదో అప్‌డేట్‌లో "అందాయి" అని మార్చారు. ఇంకా నయం.

అంకెల సంగతి అంతకంటే తమాషా. లోపల ముందే రికార్డు చేసిన మాటల ముక్కలుంటాయి, అంకెను బట్టి వాటిని పక్కపక్కన పేర్చి వినిపిస్తుంది. హిందీలో సౌ ఎక్కడున్నా సౌ. తెలుగులో వంద పక్కన ఇంకో అంకె చేరితే నూట అయిపోతుంది, వందలు కాస్తా వందల అవుతుంది. ఆ సంగతి పేర్చినవాళ్లకి తట్టలేదు. నూట నలభైని "ఒక వంద నలభై" అనేది. రెండు వందల యాభైని "రెండు వందలు" అని ఆగి "యాభై" అనేది. అమ్మ రెండు వందలు ఇచ్చినవాణ్ణి పంపించేసి, యాభై ఎవరిచ్చారా అని జనంలో వెతికేది. నేను రెండుసార్లు ఫిర్యాదు చేశాను. కస్టమర్ కేర్‌లో తెలుగు కోసం అంకె నొక్కమన్నారు. నొక్కితే వచ్చిన అమ్మాయి హిందీలో మాట్లాడింది. అయినా ఏడాదిన్నరకి "నూట నలభై" అనడం నేర్చుకుంది. నా ఫిర్యాదు వల్లేనని అమ్మ నమ్మకం. నేను కాదనలేదు.

ఇక పక్క కొట్టు సమస్య. మాకు ఆనుకుని టీ కొట్టు ఉంది. వాళ్లదీ అదే కంపెనీ పెట్టె, అదే ఆడగొంతు. పొద్దున్న రద్దీలో "ఇరవై రూపాయలు" అని వినపడితే అది ఇడ్లీదా, రెండు టీలదా? మూడు నెలలు కీచులాడుకున్నాక టీ కొట్టాయన తన పెట్టెని హిందీలోకి మార్పించుకున్నాడు. ఆయనకి హిందీ ఒక్క ముక్క రాదు. టీ పది రూపాయలు కాబట్టి దస్, బీస్, తీస్, చాలీస్ దాకా వస్తే చాలన్నాడు. ఎవరైనా బిస్కట్లు కలిపి ముప్పై ఏడు ఇచ్చారంటే మాత్రం "సైఁతీస్ అంటే ఎంత్రా?" అని మా కొట్లోకి కేకేస్తాడు. ఇంత తెలివైన పెట్టె తయారుచేసినవాళ్లు కొట్టు పేరు పలికే వీలు, పోనీ గొంతు మార్చుకునే వీలు ఎందుకు పెట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నెట్‌వర్క్ పోతే ఏమవుతుందో పెట్టిన నెలన్నరకే తెలిసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి కరెంటు పోయింది. మర్నాడు గ్యాస్ పొయ్యి మీద ఇడ్లీ వరకూ వేశాం. కొందరి ఫోన్లకి సిగ్నల్ ఉంది, డబ్బులు పంపించారు. మా పెట్టెలో ఉన్న సిమ్ కంపెనీ టవరు లేవలేదు. నోరు మూసుకుని కూర్చుంది. అందరూ తెలిసినవాళ్లే కాబట్టి నమ్మి పంపించాం. అర్ధరాత్రి దాటాక చీకట్లో ఉన్నట్టుండి "ముప్పై రూపాయలు... అరవై రూపాయలు... ఇరవై రూపాయలు..." అంటూ మొదలెట్టింది. అమ్మ ఉలిక్కిపడి లేచి ఎవరో ఇంట్లో దూరారనుకుంది. పదకొండు చెప్పింది. పొద్దున్న లెక్క చూస్తే పదకొండూ సరిపోయాయి.

రథసప్తమికి కూడా ఇలాగే. సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చే జనంతో మా రోడ్డు కదలదు, 2025లో రాష్ట్ర పండుగ చేశాక ఇంకాను. అంతమంది ఫోన్లు ఒకేసారి టవరు మీద పడితే పెట్టె ఐదు, పది నిమిషాలు వెనకబడిపోతుంది. ఎవరి డబ్బు గురించి చెబుతోందో వాళ్లు అప్పటికి గుడి దగ్గర క్యూలో ఉంటారు. ఆ రోజు మేం నగదే అడుగుతాం. ఇది లోపమే, అయితే ఆ రోజు ఏ పెట్టె పెట్టినా అంతే.

గట్టిగా చెప్పడమే దీని గుణం, అదే దీని జబ్బు కూడా. రోజువారీ అప్పు వాయిదా వసూలు చేసే డైలీ ఫైనాన్స్ కుర్రాడు సాయంత్రం వచ్చి నిలబడగానే "నాలుగు వందల ఇరవై రూపాయలు" అని ఎవరిదో పెళ్లివారి పార్సిల్ డబ్బు చదివింది. ఇక నేను ఈ రోజు బేరం లేదని ఏ మొహంతో అంటాను? అప్పటి నుంచి ఆ కుర్రాడు వచ్చే వేళకి వాల్యూమ్ తగ్గిస్తాను. తగ్గించే బటన్ ఉంది. మళ్లీ చెప్పించుకునే బటనూ ఉంది, ఈ నాలుగేళ్లలో ఎక్కువగా అరిగింది అదే. గ్రైండరు తిరుగుతుంటే మొదటిసారి చెప్పింది ఎవరికీ వినపడదు. అమ్మ మోచేత్తో నొక్కుతుంది. మోచేత్తో నొక్కేంత పెద్ద బటన్ పెట్టినవాడికి దండం పెట్టాలి.

నాన్నకి మాత్రం ఈ పెట్టె దండగ. ఆయనకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది సగం. డబ్బు పడినప్పుడు వెలిగే చిన్న లైటు చూసి ఏదో వచ్చిందని తెలుసుకుంటాడు, ఎంతో తెలియదు. 2024లో అంకె కనిపించే చిన్న తెర ఉన్న మోడల్ తెప్పించి ఒక నెల వాడాం. నాన్న సంతోషించాడు. కానీ ఆ తెర పొగకి, నూనె ఆవిరికి వారంలోనే మసకబారింది. దాని అద్దె కూడా ఎక్కువ, గొంతు చిన్నది. అమ్మకి వినపడక, నాన్నకి కనపడక, తిరిగి ఇచ్చేశాం. బట్టల కొట్టుకైతే అదే మేలు, పొయ్యి లేని చోట.

2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు కీప్యాడ్ ఫోన్ల కోసం మిస్డ్ కాల్ ఇచ్చి కూడా చెల్లించే పద్ధతి తెచ్చింది. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ల చేతుల్లో ఇంకా ఆ ఫోన్లే. మా కొట్లో ఒక్కరూ అలా కట్టగా నేను చూడలేదు. వాళ్లు రొంటిన చుట్టిన నోటే తీస్తారు.

అద్దె మొదట్లో నెలకి తక్కువ చెప్పి, ఆరు నెలలకే పెంచారు. అడిగితే ప్లాను మారిందన్నారు. ఒకసారి వాడకం లేదంటూ ఖాతాలోంచి డబ్బు కోసుకున్నారు, ఆ నెలంతా నేను రోజూ వాడాను. తిరిగి రావడానికి నాలుగు ఫోన్లు పట్టింది. బ్యాటరీ మొదటి రెండేళ్లు నాలుగు రోజులు ఆగేది, ఇప్పుడు మధ్యాహ్నానికే ఆయాసపడుతుంది. మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తాను. అమ్మని అడిగితే ఐదూ ఇస్తుంది.

పోయిన వారం కంపెనీ ఏజెంటు కుర్రాడు కొత్త మోడల్ పట్టుకొచ్చాడు. ఇది మాట్లాడటమే కాదు, మనం మాట్లాడితే వింటుంది కూడా, ఈ రోజు ఎంత వచ్చిందని అడిగితే చెబుతుందన్నాడు. అమ్మ అట్టు తిరగేస్తూ అడిగింది: "ఎంతొచ్చిందో నాకు తెల్సు నాయనా. డబ్బులివ్వకుండా ఎల్లిపోయినోడు ఎవుడో సెప్తాదేటి?" కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. అతనికి పెసరట్టు పెట్టి, పాతదానికే బ్యాటరీ మార్చమని ఇచ్చి పంపించాం. అది వచ్చేదాకా మూడు రోజులు నా ఫోన్ అమ్మ పక్కన ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచాను. మూడు రోజుల్లో ఇరవై రూపాయలు తేడా వచ్చింది.