శంషాబాద్ నుంచి ఊరి దాకా ఉచిత అంబులెన్స్: మాకెలా జరిగిందంటే

దుబాయ్‌లో మా బావ కార్మికులుండే క్యాంపులోనే, నిద్రలో గుండె ఆగి చనిపోయాడు. శవాన్ని జగిత్యాల దగ్గర మా ఊరికి తెచ్చుకోవడంలో మాకు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిన పని ఒక్కటే: తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగం ఇచ్చే అంబులెన్స్. పైసా తీసుకోరు.

ఫ్లైట్ ఖరారు కాగానే పాస్‌పోర్ట్ కాపీ, డెత్ సర్టిఫికెట్, ఎయిర్‌వే బిల్లు (విమాన కార్గో బుకింగ్ కాగితం) జతచేసి సచివాలయానికి మెయిల్ పెట్టాం. ముందురోజు సాయంత్రమే డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, పెట్టె బాగా బరువుంటది, దించడానికి ఊళ్లో మనుషుల్ని రెడీగా ఉంచండి" అన్నాడు. ఆ మాట చెప్పకపోతే మాకు తట్టేది కాదు. కార్గో దగ్గర ఏ కాగితం ఎవరికివ్వాలో కూడా ఆయనే చూపించాడు. దారిలో అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఎక్కడున్నామో ఓపిగ్గా చెప్పాడు. ఊళ్లో డబ్బులివ్వబోతే చేతులు జోడించి వద్దన్నాడు. ఆయన్ని మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు.

టెన్షన్ అంతా దుబాయ్ వైపే. పోలీసుల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), వీసా రద్దు, మన కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ రద్దు, సోనాపూర్ అనే చోట ఎంబామింగ్ (శవం పాడవకుండా మందులు ఎక్కించడం), ఆ తర్వాతే కార్గో బుకింగ్. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. కంపెనీ పీఆర్‌ఓ (ఆఫీసుల్లో కాగితాల పని చూసే మనిషి) ఫోన్ ఎత్తకపోతే ఇక్కడ ఇంట్లో పొయ్యి వెలగదు. మధ్యలో ఒక ఏజెంటు అంతా తను చూసుకుంటానని డబ్బు అడిగాడు. ఇవ్వకండి. అక్కడి చట్టం ప్రకారం పంపే ఖర్చు కంపెనీదే. కంపెనీ చేతులెత్తేస్తే కాన్సులేట్‌లో కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ (ఆపదలో ఉన్న మనవాళ్లకు సాయం చేసే నిధి) గురించి అడగండి. ఒకప్పుడు ఎయిరిండియా శవాన్ని తూకం వేసి ఛార్జీ తీసుకునేది. 2019లో అది మాని, యూఏఈ నుంచి పెద్దవాళ్లకు 1500 దిర్హమ్‌లని ఒకే రేటు పెట్టింది. చనిపోయిన మనిషిని సరుకులా తూచడం ఆగినందుకు చాలా సంతోషం.

అంబులెన్స్ సర్వీసులో నాకు కనిపించిన లోపం ఒకటే, ప్రచారం లేదు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న మా ఊళ్లో కూడా చాలామందికి ఇది ఉందనే తెలియదు. పంచాయతీ గోడ మీద రాయించినా చాలు.

పెట్టెతో వచ్చే కాగితాలు ఆ ఏడుపుల్లో ఎక్కడో పడిపోతాయి. డెత్ సర్టిఫికెట్, రద్దయిన పాస్‌పోర్ట్ ఇంట్లో ఒకరికి అప్పగించండి. 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు ఇస్తున్న 5 లక్షల కోసం కలెక్టరేట్‌లో అవే అడుగుతారు.