వాడరేవు ప్లాటు, ఏడేళ్ల తర్వాత: నీళ్ల సంగతి

లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే పత్రం), లేఅవుట్ అప్రూవల్, తీరానికి ఎంత దూరంలో కట్టుకోనిస్తారు అనేవి కొనేముందు ఎవరైనా చూసుకునేవే. నేను నీళ్ల గురించే చెప్తా. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంగినోళ్లను, నడుము లేవనోళ్లను చూస్తూ పెరిగాం. మా అమ్మ కూడా కింద కూర్చుంటే ఒకరు పట్టుకుని లేపాలి. ఎక్కడ జాగ కొన్నా మా ఇంట్లో మొదటి మాట నీళ్లదే.

2017లో చీరాల దగ్గర వాడరేవు దారిలో 200 గజాలు తీసుకున్నాం. పక్కన సరుగుడు తోపు, కిలోమీటరున్నరలో సముద్రం. నల్లగొండలో నారాయణాద్రి రైలు ఎక్కితే నేరుగా చీరాలలో దిగుతాం. ఇవన్నీ బాగున్నాయి.

2019 ఎండాకాలంలో ప్రహరీ కట్టిద్దామని బోరు వేయించా. మా ఊళ్లో నాలుగైదు వందల అడుగులు పోతే గానీ తడి తగలదు. ఎంత లోతుకు పోతే అంత భరోసా అనుకునే అలవాటు మాది. ఇక్కడా 110 అడుగులు దింపమన్నా. వేసేటాయన "అంత వద్దండీ" అన్నాడు, నేను వినలేదు. నీళ్లు దండిగా పడ్డాయి. దోసిలి పట్టి నోట్లో పోసుకున్నా. ఉప్పు. ఉమ్మేసినా గొంతులో చేదు పోలేదు. సరే, గోడకైనా వాడుదామని ఆ నీళ్లతోనే రెండు వరసలు కట్టించా. నెల తిరక్కుండానే ఇటుకల మీద తెల్లగా పొరలు లేచాయి. మొత్తం పీకించాల్సి వచ్చింది.

పక్కన వేరుశనగ చేను పెద్దాయన అదంతా చూస్తూనే ఉన్నాడు. "కిందకెళ్తే సముద్రమేనండీ. మంచినీళ్లు పైనే ఉంటాయి" అని తన చేలో దొరువు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇసుకలో వాలుగా తవ్విన గుంట, నడుముల్లోతు ఉంటుందేమో. అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు, అంత తేట. తాగితే చల్లగా, తియ్యగా ఉన్నాయి.

తర్వాత తెలుసుకున్నా. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతుంది. సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీరు నిలిచుంటే కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. పైన ఆ ఒక్క అడుగు తగ్గితే కింద నుంచి ఉప్పునీరు ఆ 40 అడుగులూ ఎగబాకుతుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు మెరుగుపరిచిన దొరువు పద్ధతి కూడా అంతే, పైపొర నీళ్లను నెమ్మదిగా తీసుకోవడం.

ఆ బోరు మూసేసి 18 అడుగుల్లో ఫిల్టర్ పాయింట్ (ఇసుక రాకుండా అడుగున జల్లెడ ఉండే చిన్న గొట్టపు బోరు) వేయించా, అర హెచ్‌పీ మోటారుతో. నీళ్లు పరీక్షకిస్తే ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుకు చాలా కింద ఉంది. అమ్మ ఆ రిపోర్టు మడిచి, బీరువాలో పట్టా పాసుబుక్కుల మధ్య పెట్టుకుంది.

ఆ సంబరంలో చుట్టాలందరికీ "నీళ్లకు ఢోకా లేదు" అని చెప్పా. అంత గట్టిగా చెప్పాల్సింది కాదు. మే నెలలో మోటారు అరగంట దాటి నడిస్తే ఉప్పదనం తెలుస్తుంది. మేం కొన్నప్పుడు లేఅవుట్‌లో ఒక్క ఇల్లే ఉండేది, ఇప్పుడు పదకొండు. అందరికీ సెప్టిక్ ట్యాంకులున్నాయి, కింద అంతా ఇసుకే, ఆ మురుగు నీళ్లలోకి దిగుతుందని భయం. కాచనిదే తాగడం మానేశాం.

మేం నెలకు రెండు మూడు రోజులుంటాం, మాకిది చాలు. కొన్నందుకు చింత లేదు. ఏడాదంతా కాపురముండే నలుగురైదుగురి ఇంటికి ఇవే నీళ్లు చాలుతాయని మాత్రం అనలేను. లాభానికి అమ్ముదామని కొనేవాళ్లకు నా అనుభవం పనికిరాదు. చూసుకునేవాళ్లు మే నెలలో వచ్చి, పక్కింటి మోటారు కాసేపు వేయించి, నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. వానల తర్వాత ఏ ప్లాటు నీళ్లైనా తియ్యగానే ఉంటాయి.

మా బావమరిది కూడా అక్కడే తీసుకున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి "బావా, బోరు ఎంత లోతు వేయించాలే?" అన్నాడు. 20 అడుగులు దాటొద్దని చెప్పా.