శీలావతి చెరువుకి తేలే మేత: 28 శాతం ప్రోటీన్, 4 ఎం.ఎం. గుళిక ఎలా ఉంది?

కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో మేత అంటే ముందు గుర్తొచ్చేది డీవోబీ (నూనె తీసిన తవుడు) సంచులే. అడుగున చిల్లులు పెట్టిన పాత ఎరువు సంచిలో నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క నింపి వెదురు కర్రకి కడతారు. శీలావతి (రోహు చేప) చిల్లు దగ్గర మూతి పెట్టి లాగుతుంటే కర్ర ఊగుతుంది. మేత ఎంత లోపలికి పోయింది, ఎంత నీళ్లపాలైందన్నది మాత్రం కనపడదు. నీటి మీద తేలే గుళికల మేత ఆ లోటు తీరుస్తుంది. చేప తింటున్నదీ మానేసినదీ కళ్లెదుటే తెలుస్తుంది. దీని అసలు గొప్ప అదే, ప్రోటీన్ శాతం ఆ తర్వాతే.

సంచి కొన్నాక ముందు బకెట్టు పరీక్ష చేయండి. చెరువు నీళ్లలో 100 గుళికలు లెక్కపెట్టి వేసి అరగంట ఆగితే 95 దాకా తేలుతూ ఉండాలి. వేళ్లతో నొక్కితే మెత్తబడాలి గానీ పిండిలా విడిపోకూడదు. సంచి అడుగున పొడి ఎక్కువగా ఉంటే తిప్పి పంపండి. ఆ పొడి చేప నోటికి అందదు, డబ్బు మాత్రం కిలో లెక్కనే కట్టాం. సైజు విషయానికొస్తే, శీలావతి నోరు చిన్నది. 200 గ్రాములు దాటిన చేపకి 4 ఎం.ఎం. సరిపోతుంది, అంతకంటే చిన్నదానికి 2 లేదా 3 ఎం.ఎం. వేయాలి.

శీలావతి లాంటి కార్పు చేపకి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఒకేసారి ఎక్కువ పెడితే సగం అరక్కుండానే బయటికొస్తుంది. అందుకే రోజు మేతని రెండుగా పంచాలి: ఎండెక్కాక 9 గంటలకి ఒకసారి, 3 గంటలకి ఇంకోసారి. ఎకరానికి 2,000 శీలావతి, సగటున 300 గ్రాములైతే మొత్తం 600 కిలోలు. 2.5 శాతం లెక్కన రోజుకి 15 కిలోలు. ఇరవై నిమిషాల్లో అయిపోకపోతే మర్నాడు తగ్గించండి. సంచి మీద అచ్చేసిన పట్టిక, చెరువులో వేసిన చేప పిల్లంతా బతికే ఉందనుకుని లెక్క కడుతుంది, దాన్నే నమ్మితే మేత వృథా. పదిహేను రోజులకోసారి విసురు వలతో 30 చేపలు పట్టి తూచాల్సిందే.

గాలి ఈ మేతకి పెద్ద శత్రువు. గుళికలు కొట్టుకుపోయి గట్టు పక్క తూటాకులో ఇరుక్కుంటాయి. గాలి వచ్చే వైపు వెదురుతోనో పీవీసీ పైపుతోనో నలుచదరపు చట్రం కట్టి అందులో చల్లండి. మబ్బు పట్టినా, తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు కొడుతున్నా ఉదయం మేత పూర్తిగా ఆపేయాలి. అరిగించుకోవడానికీ ఆక్సిజన్ కావాలి కదా.

చాలామంది దెబ్బతినేది శీలావతితో పాటు పెంచే బొచ్చె (కట్లా చేప) దగ్గర. డీవోబీ సంచి నుంచి కారిన తవుడు నీళ్లకి ఎరువై ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పెరుగుతాయి, బొచ్చె వాటిని వడగట్టుకుని తింటుంది. సంచులు ఒక్కసారే విప్పేసి గుళికకి మారితే శీలావతి బాగానే పెరుగుతుంది, నీళ్లు పలచబడి బొచ్చె మాత్రం ఎదుగుదల తగ్గుతుంది. కాబట్టి వారం పది రోజులు సగం సంచులుంచి వాటి పక్కనే గుళిక చల్లండి. తర్వాత కూడా నీటి రంగు చూసుకుంటూ పేడ గానీ కొద్దిగా తవుడు గానీ వేస్తూ ఉండండి.

ఖర్చు ఎలా చూడాలంటే, 80 పాళ్లు డీవోబీ, 20 పాళ్లు చెక్క కలిపితే ప్రోటీన్ సుమారు 20 శాతం. కిలో చేపకి ఆ మిశ్రమం 3 కిలోల దాకా పడుతుంది. తేలే మేత బాగా వాడితే 1.6 కిలోలు. మిశ్రమం కిలో 20 రూపాయలనుకుంటే కిలో చేపకి 60 అవుతుంది, అంటే గుళిక కిలో 37 రూపాయలున్నా నష్టం లేదు. అజాగ్రత్తగా చల్లి ఎఫ్‌సీఆర్ (కిలో చేపకి పట్టే మేత కిలోలు) 2కి పోతే ఆ హద్దు 30కి పడిపోతుంది.

తూచి వేసేవాళ్లకి ఐదుకి నాలుగు మార్కుల మేత. కూలి మనిషికి అప్పజెప్పి యజమాని గట్టు మీదికే రాని చెరువుకి రెండే.

ఇక నిల్వ. కొల్లేరు గాలిలో తేమ ఎక్కువ. చెక్కబల్లల మీద, గోడకి అడుగు దూరంలో పేర్చి, రెండు నెలల్లో వాడేయండి. బూజు వాసన కొట్టిన సంచి చెరువులో వేయొద్దు, ఆ బూజు విషం చేప కాలేయాన్ని పాడుచేస్తుంది.