పులుసు చిక్కబడాలంటే: బియ్యప్పిండా, శనగపిండా, కార్న్‌ఫ్లోరా?

చెన్నైలో కాపురమున్న తెలుగిళ్ళలో ముక్కల పులుసుతోపాటు వత్తకుళంబు (తమిళుల చింతపండు పులుసు) కూడా మామూలే. పల్చగా ఉంటే రెండింటికీ చివర్లో పిండినీళ్ళే దిక్కు. చింతపండు పడిన ఏ వంటకైనా నా ఓటు బియ్యప్పిండికే. అర లీటరు పులుసుకు రెండు టీస్పూన్లు చాలు. పావు కప్పు చన్నీళ్ళలో జారుగా కలిపి, ముక్క ఉడికాక పోసి, అడుగంటకుండా తిప్పుతూ నాలుగైదు నిమిషాలు కాగనివ్వాలి. తొందరపడి దించితే పచ్చిపిండి రుచి నాలుకకు తగులుతుంది. పొడిపిండిని సరాసరి మరిగే పులుసులో చల్లితే మాత్రం ఉండ కట్టడం ఖాయం. వేడికి పైపొర జిగురెక్కి, లోపలి పిండికి నీరందదు. అలాంటి ఉండను చిదిపి చూస్తే మధ్యలో తెల్లటి పొడి పొడిగానే ఉంటుంది.

కార్న్‌ఫ్లోర్‌ది వేరే దారి. అది దాదాపు ఉత్త స్టార్చే కాబట్టి తక్కువ పడుతుంది, మరుగు పట్టాక నిమిషం రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది, నిగనిగలాడుతుంది. సూపుకీ మంచూరియా గ్రేవీకీ ఆ మెరుపే అందం. పులుసులో వేస్తే మాత్రం హోటలు సాస్‌లా జారుతుంది. పైగా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తే గడ్డ ఒకవైపు, నీరు ఒకవైపు. పులుపులో ఎక్కువసేపు మరిగితే స్టార్చ్ విరిగి మళ్ళీ పల్చబడుతుంది. ఈ చిక్కు బియ్యప్పిండికీ ఉంది, అందుకే చింతపండు పులుసులో ఏ పిండినైనా ఆఖర్న పోయడం.

మజ్జిగ పులుసుకు వచ్చేసరికి శనగపిండికి పోటీ లేదు. అర లీటరు పుల్లమజ్జిగకు రెండు టేబుల్‌స్పూన్లు. పొయ్యి మీద పెట్టకముందే, చల్లటి మజ్జిగలోనే గిలక్కొట్టి కలపాలి. పిండి అడ్డుపడటంతో పాలలోని ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకోవు, మజ్జిగ విరగదు. సన్నసెగన పదినిమిషాలు ఉడికితేనే పచ్చివాసన పోతుంది. పక్కింటి తమిళుల మోర్‌కుళంబుకు (వాళ్ళ మజ్జిగ పులుసుకు) పద్ధతి ఇంకోటి: నానబెట్టిన పప్పు, కొబ్బరి, పచ్చిమిర్చి, జీలకర్ర రుబ్బి కలుపుతారు, నురగ పైకి రాగానే దించేస్తారు. రుచికి అదే ఒక మెట్టు పైన, తీరిక ఉంటే.

కుర్మాకు ఇవేవీ వద్దు. పుట్నాలపప్పు పొడి ఒక టేబుల్‌స్పూన్ వేయండి (ఇక్కడి కొట్లో పొట్టుకడలై అని అడగాలి). వేయించిన పప్పు కనుక పచ్చివాసన బెడద లేదు, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఏది వాడినా కాస్త పల్చగా ఉన్నప్పుడే దించండి, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. దించాక రుచి చూసిన గరిటెను కడగకుండా గిన్నెలో ముంచకండి. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ స్టార్చ్‌ను తినేస్తుంది, గోరువెచ్చటి గ్రేవీ కాసేపటికి పల్చబడవచ్చు.