చందా ఎవరిదో చెప్పే చిట్టా: నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ సమీక్ష

స్త్రీల హక్కుల మీద, జెండర్ మీద వాదన ముదిరినప్పుడల్లా అవతలివారు ఎవరి సొమ్ముకో అమ్ముడుపోయారన్న మాట రెండు వైపులా వినిపిస్తుంది కానీ, ఆ సొమ్ము లెక్క తీసి చూసేవారు తక్కువ. చూడదలచినవారికి అమెరికా పరిశోధనాత్మక వార్తాసంస్థ ప్రోపబ్లికా నడిపే నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా అందుబాటులో ఉంది. పన్ను మినహాయింపు పొందిన అమెరికన్ సంస్థలు ఏటా ప్రభుత్వానికి సమర్పించే పత్రాలను, 2001 నాటివి మొదలుకొని, ఇందులో సంస్థ పేరుతో వెతకవచ్చు.

దీని అసలు విలువ 990-పీఎఫ్ అనే పత్రంలో ఉంది. ప్రైవేటు ఫౌండేషన్ (సాధారణంగా ఒక కుటుంబం లేదా కంపెనీ సొమ్ముతో నడిచే దాతృసంస్థ) తాను ఇచ్చిన ప్రతి గ్రాంటుకూ గ్రహీత పేరు, చిరునామా, మొత్తం, ఉద్దేశం అందులో రాయాలి. ఫోర్డ్ ఫౌండేషన్ వంటి పెద్ద సంస్థ పత్రం వందల పేజీలుంటుంది. నేను ముందుగా చూసేది ఉద్దేశం గడినే. సంస్థ సాధారణ నిర్వహణకు ఇచ్చిన డబ్బయితే దాన్ని దేనికి వాడాలో గ్రహీతే నిర్ణయించుకుంటుంది. ఫలానా ప్రాజెక్టుకని ఇచ్చినదయితే ఆ ఏడాది ఎజెండాలో కొంత భాగం దాత చేతిలో ఉన్నట్టే. శిక్షణ పొందిన మహిళల సంఖ్యను నివేదికలో చూపడం తేలిక, చట్టం మార్పు కోసం పదేళ్లు సాగే పోరాటాన్ని చూపడం కష్టం. అందుకే ప్రాజెక్టు నిధులు ఉద్యమాన్ని లెక్కకు అందే పనుల వైపు లాగుతాయని స్త్రీవాద సంఘాలు చాలాకాలంగా అంటున్నాయి. అయితే ఆ గడిలో ఉండేది తరచూ ఒక్క వాక్యమే కాబట్టి, షరతులు ఒప్పందంలోనే ఉండిపోతాయి.

లోపాల్లో పెద్దది ఈ సాధనానిది కాదు, అమెరికా చట్టానిది. గర్భస్రావం, ట్రాన్స్‌జెండర్ క్రీడాకారుల వ్యాజ్యాల్లో ముందుండే సంప్రదాయవాద క్రైస్తవ న్యాయసంస్థ అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడమ్‌కు నేషనల్ క్రిస్టియన్ ఫౌండేషన్ ఇచ్చిన నిధులు కనిపిస్తాయి. కానీ ఆ ఫౌండేషన్ దాతల సలహా మేరకు పంచే నిధులను నిర్వహిస్తుంది కనుక, అసలు దాత ఎవరో పత్రంలో ఉండదు. ఉదారవాద పక్షాన టైడ్స్ ఫౌండేషన్ ద్వారా వెళ్లే ఇలాంటి నిధుల సంగతీ అంతే. ఒక పక్షం దాపరికాన్ని మాత్రమే ఎత్తిచూపేవారిని నమ్మకపోవడం మేలు. మెలిండా ఫ్రెంచ్ గేట్స్ 2015లో స్థాపించిన పివొటల్ వెంచర్స్ ఫౌండేషన్‌గా కాక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) రూపంలో ఏర్పడింది. అలాంటి కంపెనీ నేరుగా పెట్టే ఖర్చుకు ఈ తరహా బహిరంగ పత్రమే అవసరం లేదు.

అన్ని మరుగులూ తప్పు కావు. 1987లో ఏర్పడిన గ్లోబల్ ఫండ్ ఫర్ విమెన్ వంటి పబ్లిక్ చారిటీ (చాలామంది నుంచి విరాళాలు సేకరించే సంస్థ) విదేశీ సంఘాలకిచ్చే గ్రాంట్లను పన్ను పత్రంలో ప్రాంతాలవారీగా చూపితే చాలు, గ్రహీతల పేర్లు అక్కరలేదు. స్త్రీల హక్కుల కోసం పనిచేస్తే జైలుపాలయ్యే దేశాలున్నాయి కనుక, ఈ విషయంలో నేను పారదర్శకత కోసం పట్టుబట్టను.

చరిత్ర కోసం వెతికేవారికి ఇది సగమే ఉపయోగపడుతుంది. విశ్వవిద్యాలయాల్లో స్త్రీ అధ్యయనాలు నిలదొక్కుకోవడానికి ఫోర్డ్ 1970లలో చేసిన సహాయం ఈ దస్త్రాల కాలానికి ముందుది. ఆ ప్రభావమేమో ఇప్పటికీ పాఠ్యప్రణాళికల్లో ఉంది. తాజా వాదనలకూ ఇది ఆలస్యమే: ఏడాది ముగిశాక గడువు, దానిపై పొడిగింపు, ఆ తర్వాత ప్రభుత్వ విడుదల కలిసి పత్రం మన ముందుకొచ్చేసరికి ఏడాదికి పైగా పట్టవచ్చు.

ఇన్ని పరిమితులున్నా ఐదుకు నాలుగు ఇస్తాను. దాత పత్రాన్ని, గ్రహీత వార్షిక నివేదికను పక్కపక్కన పెట్టి, నిధులు రాకముందు ఆ సంస్థ ఏ మాట మాట్లాడేదో, వచ్చాక ఏది మానేసిందో పోల్చి చదివే ఓపిక ఉన్నవారికే దీన్ని సిఫారసు చేస్తున్నాను.